స్తంభం ఎవరిదో ముందు తేల్చుకోవాలి

సంపాదకులకు,

2025 వేసవిలో ఇంగ్లండ్‌లో వీధిదీపాల స్తంభాలకు సెయింట్ జార్జ్ శిలువ జెండాలు (ఇంగ్లండ్ జెండా), యూనియన్ జాక్‌లు (బ్రిటన్ జెండా) వరసగా వెలిశాయి. బర్మింగ్‌హామ్, లండన్‌లోని టవర్ హామ్లెట్స్ కౌన్సిళ్లు (స్థానిక పాలక సంస్థలు) వాటిని తీసేస్తామనగానే రాజకీయం రాజుకుంది. ఆ రభసలో, అక్కడ ఉంటున్న మనవాళ్లకు పనికొచ్చే సంగతి మరుగున పడింది: అలాంటి జెండాపై ఫిర్యాదు చేస్తే ఏం జరుగుతుంది?

ముందు తేలాల్సింది స్తంభం ఎవరిదన్నది. పెద్ద నగరాల్లో స్థానిక సేవలు దాదాపు అన్నీ ఒకే కౌన్సిల్ చూస్తుంది. రెండంచెల కౌన్సిళ్లున్న కౌంటీల్లో రోడ్లు పై అంచెలోని కౌంటీ కౌన్సిల్‌వి. చెత్త ఎత్తే జిల్లా కౌన్సిల్‌కు రాస్తే అర్జీ అటూ ఇటూ తిరుగుతుంది. మోటర్‌వేలు, ట్రంకు రోడ్లు (ప్రధాన రహదారులు) నేషనల్ హైవేస్ అనే ప్రభుత్వ సంస్థవి. చెక్క స్తంభమైతే కరెంటు కంపెనీదో టెలిఫోన్ కంపెనీదో అయి ఉంటుంది. దీపస్తంభాల మీద సాధారణంగా నంబరు ఉంటుంది. ఆ నంబరు, వీధి పేరు, ఒక ఫొటో పంపితే సగం పని అయినట్టే.

'జాతీయ జెండాకు అనుమతి దేనికి?' అన్న వాదన సగమే నిజం. జెండాలకూ వర్తించే 2007 నాటి ప్రకటన బోర్డుల నిబంధనలు ఏ దేశపు జాతీయ జెండాకైనా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదన్నాయి గానీ, స్థలం యజమాని ఒప్పుకోవాలన్న షరతును వదల్లేదు. పైగా 1980 హైవేస్ చట్టం 132వ సెక్షన్ రోడ్డు మీది కట్టడాలకు అనుమతి లేకుండా బొమ్మలు, గుర్తులు తగిలించడాన్ని నేరమంటుంది. వాటిని తొలగించే అధికారం రోడ్ల సంస్థకు ఇస్తుంది.

అసలు ప్రమాదం గాలి. మోయాల్సిన దీపాన్ని బట్టి స్తంభం బలం లెక్కగడతారు. జెండా కడితే తెరచాప ఎత్తినట్టే. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అడుగున తుప్పు పట్టిన పాత స్తంభం కూలడానికి అది చాలు. జెండాను బిగించే ప్లాస్టిక్ పట్టీలు (కేబుల్ టైలు) ఎండకు పెళుసెక్కి తెగుతాయి. ఒక మూల ఊడిన జెండా సిగ్నల్‌కు అడ్డం పడుతుంది. కాబట్టి ఇలాంటిది కనిపిస్తే ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాయాలి. జెండా బెదిరింపుగా అనిపిస్తే అదీ రాయొచ్చు. 2010 సమానత్వ చట్టం ప్రకారం కౌన్సిల్ దాన్ని పరిగణించాలి. కానీ అదొక్కటే రాస్తే వెంటనే మనిషిని పంపుతారని అనుకోవద్దు. నిషేధిత ఉగ్రవాద సంస్థ జెండా అయితే పోలీసులకే చెప్పాలి.

తీయడానికి లిఫ్టు వాహనం, సిబ్బంది, రోడ్డుపై ట్రాఫిక్ ఏర్పాట్లు కావాలి. అందుకే ప్రమాదం లేనివాటిని మామూలు నిర్వహణ పనుల దాకా ఆపుతారు. ఆపడాన్ని తప్పుపట్టలేం. కానీ ఏవి ఆపుతారో, ఎందుకో ముందే ప్రకటించకపోతే పక్షపాతం ఆరోపణను కౌన్సిళ్లు కొనితెచ్చుకున్నట్టే.

ఇంకో మెలిక ఉంది. జెండా ఉందని మొదటిసారి చెప్పడం సేవా అభ్యర్థన మాత్రమే. దాన్ని పట్టించుకోకపోతే అధికారికంగా ఫిర్యాదు చేయాలి. కౌన్సిళ్లపై ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్ 2024 నియమావళి ప్రకారం ఫిర్యాదు అందినట్టు 5 పనిదినాల్లో చెప్పాలి. అలా చెప్పిన నాటి నుంచి జవాబు తొలి దశలో 10, రెండో దశలో 20 పనిదినాల్లో రావాలి. ఆ తర్వాతే అంబుడ్స్‌మన్. సమస్య తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. నిర్ణయం సక్రమంగా తీసుకున్నారా లేదా అన్నదే అక్కడ చూస్తారు, జెండా మంచిచెడ్డలు కాదు. అందుకు ఆధారం మొదటి అభ్యర్థనకు వచ్చిన రిఫరెన్సు నంబరే, దాన్ని పారేసుకోవద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు