ఘాట్‌లో లాగని డీజిల్ బండికి అక్కరలేని ఇంజెక్టర్లు వేసిన విషయమై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,
మల్టీ బ్రాండ్ వాహనాల సర్వీస్ సెంటర్,
విశాఖపట్నం.

విషయం: 2.5 లీటర్ల టర్బో డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండికి (2009 మోడల్, కామన్ రైల్, 1,86,000 కి.మీ.) సరైన పరీక్షలు లేకుండా నాలుగు ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చి, పంపు ఓవర్‌హాల్ చేసి 89,000 రూపాయలు వసూలు చేయడం, అసలు లోపం అలాగే ఉండిపోవడం, పైగా కొత్త లోపాలు రావడం గురించి.

అయ్యా,

బండి అప్పగించిన రోజున జాబ్ కార్డులో రాయించిన మాటలు ఇవి: "ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు పికప్ పడిపోతుంది. మూడో గేరులో 2,000 ఆర్.పి.ఎం. దాటదు. పొగ రాదు. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగితే మళ్ళీ మామూలుగా లాగుతుంది. ఊళ్ళో తిరిగితే ఏ తేడా తెలియదు." డీజిల్ పని తెలిసినవాళ్ళకు ఈ నాలుగు ముక్కలు చాలు, రోగం ఏ వైపు ఉందో చెప్పడానికి. మీ దగ్గర వాటిని కంప్యూటర్‌లో ఎక్కించారు గానీ ఎవరూ చదివినట్టు లేదు.

మీ టెక్నీషియన్ స్కానర్ పెడితే పి0087 అనే కోడ్ వచ్చింది. రైల్‌లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే ఉమ్మడి గొట్టంలో, ప్రెషర్ తక్కువగా ఉందని దాని అర్థం. తనిఖీ అక్కడితో ఆగిపోయి, ఎస్టిమేట్ మొదలైంది. ఇ.సి.యు. (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) అడిగినంత ప్రెషర్ రైల్‌లో లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఎందుకు లేదో చెప్పదు. ట్యాంకులో డీజిల్ వడకట్టే జాలీ పూడినా, డీజిల్ ఫిల్టర్ మూసుకున్నా, ట్యాంకు నుంచి డీజిల్ లాగే సక్షన్ పైపులోకి గాలి దూరినా, పంపులోకి వెళ్ళే డీజిల్‌ను అదుపు చేసే మీటరింగ్ వాల్వ్ పట్టేసినా, హై ప్రెషర్ పంపు అరిగినా, ఇంజెక్టర్లు రిటర్న్‌లోకి (మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్ళే పైపులోకి) ఎక్కువ డీజిల్ వదిలేసినా వచ్చేది అదే కోడ్. ఈ ఆరింటిలో అన్నిటికన్నా ఖరీదైన రెండింటిని మీరు ఎంచుకున్నారు. చవకైన వాటిలో ఒక్క ఫిల్టర్ మార్చారు, అది బిల్లులో ఉంది. విప్పిన పాత ఫిల్టర్‌లో ఏముందో మాత్రం చూడలేదు.

టెస్ట్ డ్రైవ్ సంగతి. కార్డు మీద బండి లోపలికి వచ్చినప్పటి రీడింగుకూ బయటికి ఇచ్చినప్పటి రీడింగుకూ తేడా 6 కిలోమీటర్లు. అది చదునైన రోడ్డు మీద తిరిగిన తిరుగుడు. ఇరవై నిమిషాలు ఎడతెగకుండా బరువు మీద లాగితే తప్ప బయటపడని లోపం బీచ్ రోడ్డు మీద ఎలా కనబడుతుంది? అరకు దాకా వెళ్ళమని ఎవరూ అనరు. స్కానర్‌లో రికార్డింగ్ ఆన్ చేసి సింహాచలం కొండ రెండు మూడు సార్లు ఎక్కి దిగినా, అడిగిన ప్రెషర్ గీత ఒకవైపు, ఉన్న ప్రెషర్ గీత ఒకవైపు విడిపోవడం కనిపించి ఉండేది.

ఇప్పుడు పొగ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ రిపోర్టులో ఆ ఊసే లేదు. బండి లాగకపోవడంతో పాటు నల్ల పొగ వస్తే గాలి తక్కువో, డీజిల్ ఎక్కువో అన్నమాట. అప్పుడు ఎయిర్ ఫిల్టర్, టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెట్టేది), ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులు, తెరుచుకుని పట్టేసిన ఇ.జి.ఆర్. వాల్వ్ (కొంత పొగను మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది) వైపు చూడాలి. తెల్ల పొగ కాలని డీజిల్. నీలం పొగ ఇంజన్ ఆయిల్. ఏ పొగా లేకుండా బండి చచ్చుబడిందంటే చాలావరకు డీజిల్ అందడం లేదు. అందీ అందనట్టు వచ్చే కొద్ది డీజిల్ మిగులు గాలిలో శుభ్రంగా కాలిపోతుంది కాబట్టి సైలెన్సర్ దగ్గర ఏమీ కనిపించదు.

ఇక రెండో సూచన, అసలు మొత్తం తేల్చేసేది: ఆపితే బాగవడం. అరిగిన ఇంజెక్టర్ పది నిమిషాల విరామంతో బాగుపడదు. ఆ కాస్త సేపట్లో ఇంజన్ చల్లబడదు కూడా. కానీ ట్యాంకు అడుగున బంక ఉంటే, సక్షన్‌కు అది మెల్లగా జాలీకి అతుక్కుంటూ పోయి ఇరవై నిమిషాల్లో దారి మూసేస్తుంది. ఇంజన్ ఆగగానే లాగే బలం పోతుంది, బంక విడిపోయి కిందికి జారుతుంది, మళ్ళీ ఇరవై నిమిషాలు బండి బాగుంటుంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకున్నా ఇలాంటి లక్షణమే వస్తుంది. మూత తిప్పగానే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే అదే కారణం. పైసా ఖర్చు లేని ఆ పరీక్ష కూడా మీ దగ్గర జరగలేదు.

బిల్లు కట్టి బండి తెచ్చుకున్నాక అదే ఘాట్‌లో అదే చోట మళ్ళీ ఆగిపోయింది. తర్వాత గాజువాక ఆటోనగర్‌లో ఒక డీజిల్ పంపు మెకానిక్ చేత చేయించిన పరీక్షలు వరసగా ఇస్తున్నాను. మీ వాళ్ళకు చూపించండి.

మొదట ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య మూడు దారుల పైపు ముక్క (టీ) వేసి వాక్యూమ్ గేజి పెట్టారు. ఈ బండికి ట్యాంకులో మోటారు లేదు, పంపుకు అతికి ఉన్న గేర్ పంపే డీజిల్‌ను లాక్కుంటుంది. ఐడిలింగ్‌లో 0.15 బార్ సక్షన్ ఉంది, అది పర్వాలేదు. రోడ్డు మీద లోడులో నడిపితే పావుగంటలో అది 0.5 బార్ దాటి పెరుగుతూనే పోయింది. అదే లైనులో పారదర్శకమైన పైపు ముక్క వేసి చూస్తే ఐడిలింగ్‌లో బుడగలు లేవు. అంటే గాలి దూరడం కాదు, వెనక ఎక్కడో అడ్డు ఉంది.

తర్వాత క్యాన్ పరీక్ష. 10 లీటర్ల క్యాన్‌ను బయట ఫుట్‌బోర్డు మీద గట్టిగా బిగించి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకుని, సక్షన్ పైపును ట్యాంకు నుంచి తీసి క్యాన్‌లో పెట్టారు. రిటర్న్ పైపు కూడా అందులోకే తిప్పాలి. లేకపోతే డీజిలంతా ట్యాంకులోకి పోయి క్యాన్ మధ్యదారిలో ఖాళీ అవుతుంది. క్యాన్‌ను కారు పైకప్పు మీద పెట్టకూడదు. పైనుంచి డీజిల్ దానంతట అదే దిగి వస్తే సక్షన్ లోపాలు దాక్కుంటాయి. ఇలా కట్టుకుని ఘాట్ ఎక్కితే బండి ఎక్కడా తగ్గలేదు. ట్యాంకు తప్ప మిగతా అంతా, అంటే మీరు ముట్టుకున్న పంపూ ఇంజెక్టర్లూ కూడా, అనుమానం నుంచి బయటపడ్డాయి.

ట్యాంకు దించితే అడుగున దాదాపు 300 మి.లీ. నీళ్ళు, గోధుమ రంగు బంక, బంకతో మూతపడ్డ జాలీ. ఈ ఊరి తేమ గాలికి సగం ఖాళీగా ఉంచే ట్యాంకుల్లో నీరు చేరడం మామూలే. నీరూ డీజిల్ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులే ఆ బంక. ట్యాంకు కడగడం, జాలీ శుభ్రం చేయడం, మళ్ళీ కొత్త ఫిల్టర్, అన్నీ కలిపి 3,200 రూపాయలు. అప్పటి నుంచి లోడులో కూడా సక్షన్ 0.2 బార్ దాటలేదు.

మీరు విప్పిన పాత ఫిల్టర్ అడిగి తెచ్చుకున్నాను కదా, దాన్ని కోసి చూస్తే కాగితం మడతల్లో అదే గోధుమ బంక. మెరిసే లోహపు పొడి ఒక్క రవ్వ లేదు. పంపు అరిగిపోతుంటే ముందు కనబడేది ఆ పొడే. పాత ఇంజెక్టర్లు నాలుగూ డీజిల్ పంపు వర్క్‌షాపులో టెస్ట్ బెంచి మీద పెట్టి చూశారు. రిటర్న్ నాలుగింటికీ దాదాపు సమానం, పరిమితి లోపలే ఉంది, స్ప్రే బాగుంది. ఆ స్లిప్పు నకలు ఈ లేఖకు జతపరిచాను. అసలు ఇంజెక్టర్లు విప్పే ముందు నాలుగు రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలించి మూడు నిమిషాలు ఇంజన్ నడిపితే ఈ సంగతి మీ వర్క్‌షాపులోనే తేలేది. ఏ సీసాలో మిగతావాటికన్నా రెండు మూడు రెట్లు నిండితే ఆ ఇంజెక్టర్‌ను అనుమానించాలి. అన్నీ ఒకే మట్టంలో ఉంటే వాటి జోలికి పోనక్కరలేదు.

ఇప్పుడు మీ పని వల్ల కొత్తగా వచ్చినవి.

మీ దగ్గర నుంచి వచ్చిన రోజు నుంచి రేసు ఇస్తే నల్ల పొగ మొదలైంది. ఇంతకుముందు పొగ లేదని జాబ్ కార్డే సాక్ష్యం. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) కొలిచే గేజి పెడితే లోడులో 0.3 బార్ మాత్రమే చూపింది. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బూస్ట్ సెన్సార్ 1,008 మిల్లీబార్ చూపింది. సముద్ర మట్టాన ఉన్న ఊళ్ళో అది సుమారు 1,000 చూపాలి కాబట్టి సెన్సార్‌లో తప్పు లేదు. టర్బో ఇన్‌లెట్ దగ్గర అడాప్టర్ బిగించి 0.7 బార్ గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు కొడితే ఇంటర్‌కూలర్ వేడి వైపు పైపు దగ్గర నురగ పొంగింది. క్లిప్పు పైపు అంచున ఉబ్బెత్తుగా ఉండే గట్టు మీద బిగించి ఉంది, దాని వెనక కాదు. ఐడిలింగ్‌లో అది మూసుకునే ఉంటుంది, బూస్ట్ రాగానే తెరుచుకుంటుంది. ఎయిర్ మాస్ సెన్సార్ కొలిచిన గాలి ఇంజన్‌కు చేరకుండా మధ్యలో పోతోంది, ఇ.సి.యు. మాత్రం కొలత ప్రకారం డీజిల్ వదులుతోంది, అందుకే ఆ పొగ. క్లిప్పు సరిగా బిగించాక బూస్ట్ 1.1 బార్ వచ్చింది, పొగ పోయింది.

దీనికన్నా పెద్ద తప్పు ఇంకొకటి. మీరు వేసిన కొత్త ఇంజెక్టర్ల తల మీద ఒక్కొక్క దానికి ఒక్కొక్క కోడ్ అచ్చు వేసి ఉంది. ఆ ఇంజెక్టర్ ఎంత డీజిల్ ఎలా వదులుతుందో ఇ.సి.యు.కి చెప్పేది ఆ కోడే. స్కానర్‌లో చూస్తే ఇప్పటికీ పాత ఇంజెక్టర్ల కోడ్‌లే ఉన్నాయి. ఐడిలింగ్‌లో టకటక కొట్టుకోవడం దీని వల్లే. ఇంజెక్టర్ల కింద వేసే రాగి వాషర్లు కూడా బిల్లులో లేవు. పాత వాషర్లే మళ్ళీ వేస్తే కంప్రెషన్ పక్క నుంచి తప్పించుకుంటుంది, నెలల్లో ఇంజెక్టర్ చుట్టూ నల్లటి గట్టి తారు పేరుకుని, తర్వాత దాన్ని ఊడదీయడమే ఒక యుద్ధమవుతుంది.

మీ అడ్వైజర్ కౌంటర్ దగ్గర చెప్పిన కారణాలకూ జవాబు రాస్తున్నాను. ఘాట్ మీద గాలి పలచగా ఉంటుంది అన్నారు. నిజమే, అరకు ఎత్తులో గాలి ఒత్తిడి ఇక్కడికన్నా దాదాపు పదోవంతు తక్కువ. కానీ పది నిమిషాలు ఆగితే కొండ ఎత్తు తగ్గదు కదా. పెద్ద టైర్లు అన్నారు. టైర్లు కంపెనీ సైజు 235/75 ఆర్15. పెద్దవైనా లోటు మొదటి నిమిషం నుంచీ ఉండేది. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ బలం వెళ్ళే స్థితిలో) ఉండిపోయి ఉంటుంది అన్నారు. పొడి తారు రోడ్డు మీద అలా నడిపితే మలుపుల్లో బండి బిగిసినట్టు ఉంటుంది. ఈ బండికి అలా లేదు. బ్రేకులు పట్టేయడం కూడా కాదు, బండి న్యూట్రల్‌లో హాయిగా జారుతుంది, నాలుగు చక్రాల హబ్‌లూ చేతికి ఒకే వేడిగా తగులుతాయి. ఇప్పుడొచ్చే తక్కువ గంధకం డీజిల్ పాత పంపులను తినేస్తుంది అన్నది చివరిది. గంధకం తీసేస్తే డీజిల్ కందెన గుణం తగ్గే మాట నిజం, అందుకే ఆ గుణానికి ప్రమాణంలో పరిమితి ఉంది, ఆ లోటు తీర్చే రసాయనం కలుపుతారు. బండి పాతదండీ అన్న మాటకు మాత్రం జవాబు లేదు. పాతదే.

కాబట్టి కోరేది ఇది. ఇంజెక్టర్ల ధర 58,000, వాటి లేబర్‌తో సహా మొత్తం లేబర్ 9,500 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వాలి. పాత ఇంజెక్టర్లు కొత్త రాగి వాషర్లతో మీ ఖర్చుతో తిరిగి బిగించి మీవి మీరు తీసుకోవచ్చు. పాత కోడ్‌లు ఇ.సి.యు.లో అలాగే ఉన్నాయి కాబట్టి, ఏది ఏ సిలిండర్‌దో చూసి దానిలోనే బిగించాలి. పంపు ఓవర్‌హాల్‌కు తీసుకున్న 21,500 విషయంలో కొంచెం వేరుగా ఆలోచించడానికి సిద్ధంగా ఉన్నాను. విప్పక ముందు పంపు డెలివరీ తక్కువగా ఉందని చూపే టెస్ట్ బెంచి స్లిప్పు, లోపల మార్చిన భాగాల జాబితా మీ దగ్గర ఉంటే పంపండి, ఆ మొత్తం అడగను. లేకపోతే అదీ వాపసు ఇవ్వాలి. ట్యాంకు పని 3,200 అడగడం లేదు, అది బండికి ఎలాగూ కావలసిన పని.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి, ఫోన్ వద్దు. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. జాబ్ కార్డు, బిల్లు, బెంచి స్లిప్పు, స్కానర్‌లో పాత కోడ్‌లు కనిపించే ఫొటో, క్లిప్పు గట్టు మీద బిగించి ఉన్న ఫొటో, వీటి నకళ్ళు జతపరిచాను. కోసిన ఫిల్టరూ నాలుగు పాత ఇంజెక్టర్లూ నా దగ్గరే ఉన్నాయి, మీ టెక్నీషియన్ ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

ఇట్లు,
వాహన యజమాని