లీటరు నీళ్లకే ఒక ప్యాకెట్

సంపాదకుల వారికి,

మహారాష్ట్రలోని సిరోంచ వైపు తునికాకు కోతకు పోయే కూలీలు చెమటలో ఉప్పునూ పోగొట్టుకుంటారు. ఆపై ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం (ఉప్పులో ఉండేదే) ఇంకా పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్. వడదెబ్బేననుకుని మళ్లీ నీళ్లే పట్టిస్తారు!

అందుకే నీళ్లలో ఓఆర్‌ఎస్ (ఉప్పు, గ్లూకోజ్ ఉన్న పొడి) కలిపి తాగాలి. అయితే లీటరు నీళ్లకు సరిపడే ప్యాకెట్‌ను గ్లాసులో కలపడం దీనికి ఎదురు తప్పు; పసిపిల్లల్లో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు చిన్న చెంచాతో ఆరు చక్కెర, అర ఉప్పు. కుప్పగా కాదు, సమంగా. చక్కెర రుచి కోసం కాదు, పేగులో సోడియాన్ని లోపలికి తీసుకెళ్లేది అందులోని గ్లూకోజే. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం కొబ్బరినీళ్లకు ముందు డాక్టర్‌ను అడగాలి, అందులో పొటాషియం ఎక్కువ.

ఈ కొలతలు తునికాకు కల్లాల దగ్గర మరాఠీతో పాటు తెలుగులోనూ రాసి పెట్టించాలి.

– ఆరోగ్య కార్యకర్తలు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా