ఆన్‌లైన్ కోర్సుకు క్రెడిట్లున్నాయి, టైమ్‌టేబుల్‌లో గంట లేదు

సంపాదకులకు,

అయ్యా,

మీ చదువు పేజీలో ఆన్‌లైన్ కోర్సుల గురించి తరచూ చూస్తుంటాను, ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుంది, ఎప్పటిలోగా చేరాలి, ఇలాంటివి. బాగానే ఉంటాయి. కానీ ఆ కోర్సులు కాలేజీ గేటు దాటి లోపలికొచ్చాక వాటి గతేమిటో ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను. చెన్నై శివారులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 14 ఏళ్లుగా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చెబుతున్నాను.

వీడియో పాఠాలంటే నాకు పడదని మాత్రం అనుకోవద్దు. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి వీడియో పాఠాలు పెట్టే ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి, నేను ఎంటెక్‌లో సగం సబ్జెక్టులు ఆ పాఠాలు చూసే గట్టెక్కాను. మా సూళ్లూరుపేట, నాయుడుపేట పిల్లలకైతే వాటివల్ల ఇంకో మేలు కూడా ఉంది. క్లాసులో మేం ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి పదో నిమిషానికి తమిళంలోకి దిగిపోతాం (నేనూ అంతే, పెరంబూరులో పుట్టి పెరిగినదాన్ని, నా తెలుగుకన్నా నా తమిళమే వేగం), పాపం వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. వీడియోలో ఆ బాధ లేదు. ఆపుకోవచ్చు, వెనక్కి జరుపుకోవచ్చు, కొన్ని కోర్సులకు తెలుగు అనువాదం కూడా పెట్టారు.

తంటా అంతా క్రెడిట్ల దగ్గరే వచ్చింది, అంటే డిగ్రీ పూర్తికావడానికి పిల్లలు కూడబెట్టాల్సిన పాయింట్ల దగ్గర. ఒక సెమిస్టర్‌లో 20 శాతం వరకు కోర్సులు కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల సైటు స్వయం పోర్టల్‌లో (ఎన్‌పీటెల్ కోర్సులూ అక్కడే ఉంటాయి) చేసుకోవచ్చని యూజీసీ 2016లో చెప్పింది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. కాలేజీలో దొరకని సబ్జెక్టు పిల్లలు బయట నేర్చుకుంటారు కదా, రూలు మంచిదే. మా కాలేజీ పైవాళ్లకు మాత్రం అది ఇంకోలా అర్థమైంది. ఎలక్టివ్ (పిల్లలు ఎంచుకునే సబ్జెక్టు) చెప్పే ఆయన ఉద్యోగం మానేశారు, ఆ ఖాళీ నింపలేదు, పిల్లలందరినీ అదే పేరున్న ఆన్‌లైన్ కోర్సులో చేర్చేశారు. నన్ను మెంటార్ అన్నారు, 60 మందికి.

మెంటార్ అంటే ఏం చేస్తానో చెబితే నవ్వుతారు. ఎవరు అసైన్‌మెంట్ పెట్టారు, ఎవరు పెట్టలేదు అని వారం వారం చూసి, పెట్టనివాళ్లకు వాట్సాప్‌లో మెసేజ్ పెడతాను. గడువు బుధవారం రాత్రి 11:59. ఆ రోజు సాయంత్రం ఆరింటికి చూస్తే సగం మంది పెట్టి ఉండరు, పదిన్నరకు చూస్తే దాదాపు అందరూ పెట్టేసి ఉంటారు, మార్కులు కూడా అందరికీ ఒకటే. టెలిగ్రామ్ గ్రూపులో జవాబులు వస్తాయి మరి. నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. అయితే ఈ తెలివి చివరిదాకా పనికిరాదు, ఎందుకంటే 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల లెక్కన 25 మార్కులే, మిగతా 75 సెంటరుకు వెళ్లి రాసే పరీక్షకు. అందులో కనీసం 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. అసైన్‌మెంట్లలో 25కి 25 తెచ్చుకుని పరీక్షలో 20 దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను. వాళ్లు మొద్దులు కాదు, అడగడానికి మనిషి దొరకలేదు, అంతే.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. రోజూ సూళ్లూరుపేట నుంచి లోకల్ ట్రైన్‌లో వస్తుంది. డేటా అయిపోతుందని కాలేజీ వైఫైలో వీడియోలు డౌన్‌లోడ్ చేసుకుని, సీటు దొరికితే సీటులో, లేకపోతే తలుపు దగ్గర నిలబడి చూస్తుంది. ఒకరోజు స్టాఫ్ రూముకు వచ్చి, "మేడమ్, కన్వల్యూషన్‌లో ఒక సిగ్నల్‌ను ఎందుకు వెనక్కి తిప్పాలి? వీడియోలో సార్ తిప్పుతున్నారు గానీ ఎందుకో చెప్పలేదు, నాలుగుసార్లు చూశాను" అంది. కన్వల్యూషన్ అంటే రెండు సిగ్నళ్లను ఒకదాని మీద ఒకటి జరుపుతూ గుణించి కూడే లెక్క. చెప్పే ఉంటారు, ఒక్క వాక్యంలో, ఈ పిల్ల గుమ్మిడిపూండిలో దిగేవాళ్లకు దారిస్తున్నప్పుడు దాటిపోయి ఉంటుంది.

రికార్డు బుక్కు చివరి పేజీ చించి రెండు కాగితం పట్టీలు చేశాం. ఒకదాని మీద 1, 2, 3 అని రాశాను, ఇంకోదాని మీద 2, 1. గుడిలో గంట మూడుసార్లు కొట్టారనుకో, 1, 2, 3 ఆ దెబ్బల బలం, 2, 1 ఒక్కో దెబ్బ మోత, మొదట పెద్దగా, తర్వాత తగ్గి, అన్నాను. మూడో దెబ్బ పడిన క్షణంలో నీకు వినిపించేది ఏమిటి? మూడోదాని మొదటి శబ్దం, దానితో కలిసి ముందు దెబ్బ తోక. ముందు కొట్టినదానికి చివరి శబ్దం, చివర కొట్టినదానికి మొదటి శబ్దం ఎదురెదురుగా రావాలంటే పట్టీ తిప్పక తప్పదు కదా. తనే పట్టీని 1, 2 అయ్యేలా తిప్పి, పక్కకు ఒక్కొక్క గడి జరుపుతూ గుణించి కూడింది. 2, 5, 8, 3, సరైన జవాబు. తిప్పకుండా మళ్లీ చేసింది. 1, 4, 7, 6. "ఓ, అందుకా" అని ఆ పట్టీలు పర్సులో పెట్టుకుని వెళ్లింది. పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ పది నిమిషాలకు మా కాలేజీ లెక్కల్లో పేరు లేదు, అది క్లాసు కాదు, ట్యుటోరియల్ కాదు, నా వర్క్‌లోడ్‌లోకి రాదు. మిగతా 59 మంది స్టాఫ్ రూముకు రాలేదు.

2020లో ఫోన్ తెరమీద నల్లటి గడులకు పాఠాలు చెప్పినప్పుడు కూడా ఇదే చూశాం, పాఠం వెళుతుంది, ప్రశ్న తిరిగి రాదు. అప్పుడు వేరే దారి లేదు, సరే. ఇప్పుడేమైంది?

నేనడిగేది పెద్దదేం కాదు. క్రెడిట్లు ఇస్తున్న ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక గంట, ఆ సబ్జెక్టు తెలిసిన లెక్చరర్ ఒకరు, ఆ గంట ఆ లెక్చరర్ వర్క్‌లోడ్‌లో లెక్క. పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు, అది ఐఐటీ ప్రొఫెసర్లు నాకన్నా బాగానే చెప్పారు. పిల్లలు వీడియో చూసి రావాలి, అర్థం కానిది అడగాలి. యూనివర్సిటీలు దీన్ని రూలుగా పెడితే తప్ప మాలాంటి కాలేజీలు కదలవు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు చూపించడానికి సర్టిఫికెట్ల ఫైలు చాలు వీళ్లకి.

ఈ సెమిస్టర్ మొదట్లో ఆ గంట ఇమ్మని మా పైవాళ్లను అడిగాను. లైబ్రరీ పీరియడ్ ఉంది కదా మేడమ్, అందులో చేసుకోండి అన్నారు. అది శుక్రవారం చివరి పీరియడ్, సూళ్లూరుపేట ట్రైన్ కోసం పిల్లలు బ్యాగులు సర్దుకునే టైము.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు,
పెరంబూరు, చెన్నై