2024-25 వార్షిక నివేదిక: వయనాడ్ సాయం మీద మన కాలనీలో జరిగిన చర్చ, దాని లెక్క

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి రిపోర్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఏడాది మొత్తంలో మనం ఎక్కువసేపు కూర్చున్నదీ, గొంతులు పెంచుకున్నదీ ఒక్క విషయం మీదే, అది మినిట్స్ బుక్కులో రెండు లైన్లు రాసి వదిలేసేది కాదు.

మిగతా పనులు ముందు చెప్పేస్తాను. మూడో లైన్లో కాలవ పూడిక తీయించాం, ఆరు వీధిలైట్లు మార్పించాం, కమ్యూనిటీ హాలు పైకప్పు కారడం ఆగింది. కిడ్నీ టెస్టుల క్యాంపు ఒకసారి పెట్టాం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కన ఉన్నోళ్లకి అదెందుకో వేరే చెప్పక్కర్లేదు, వచ్చే ఏడాది రెండుసార్లు పెడదాం అనుకుంటున్నాం.

ఇక అసలు సంగతి. 2024 జూలై 30 తెల్లారకముందే కేరళలో వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర కొండ విరిగి ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీదకి బురద, బండరాళ్లు, చెట్లు అన్నీ కలిసి వచ్చేశాయి, నిద్రలో ఉన్నోళ్లు నిద్రలోనే పోయారు. శవాలు చలియార్ నదిలో కొట్టుకుపోయి పక్క జిల్లా మలప్పురంలో నిలంబూరు వైపు దొరికాయి. రెండు ఊళ్ల మధ్య వంతెన పోవడంతో జేసీబీలు అటు వెళ్లలేకపోయాయి, ఆర్మీ వాళ్లు రాత్రీ పగలూ పనిచేసి ఆగస్టు 1కి 190 అడుగుల బెయిలీ బ్రిడ్జి (ముక్కలు బిగించి వేసే ఇనుప వంతెన) వేశాకే పెద్ద మెషీన్లు అవతలికి వెళ్లాయి.

ఆగస్టు 4 ఆదివారం మీటింగ్ పెట్టాం. చందా వేద్దాం అని ప్రెసిడెంట్ గారు అనగానే వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన లేచి "ఏటి బాబూ, మనకి తిత్లీ వచ్చినప్పుడు కేరళోళ్లు వచ్చీసినారేటి? మన కొంపలు మనమే కట్టుకున్నాం" అన్నారు. చాలామంది తలలూపారు. తప్పు పట్టలేం, తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము మర్చిపోయినోళ్లు మన పలాస చుట్టుపక్కల ఎవరున్నారు, ముప్పై నలభై ఏళ్ల కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలమట్టం అయ్యాయి, జీడి తోటలు మోడులైపోయాయి. నాకు పడిన చెట్లు 31, లెక్క రాయడానికొచ్చినాయన రాసింది 12, ఎన్నిసార్లు తిరిగినా ఆ నంబర్ మారలేదు. కాబట్టి ఆ పెద్దాయన కోపం నాకు అర్థం అవుతుంది.

కానీ జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసే మన సభ్యురాలు ఒకావిడ లేచి అడిగిన మాటకి హాలంతా సైలెంట్ అయిపోయింది. "మరి కరెంటు స్తంభాలు లేపినోళ్లు ఎవరు, అన్నా? మా వీధిలో పనిచేసిన లైన్‌మ్యాన్ కుర్రాడిది ఎక్కడో రాయలసీమ, చేతులు బొబ్బలెక్కిపోతే మా అమ్మ పసుపు రాసింది, ఆ అబ్బాయికి మనమేటవుతాం?" అంది. నా వరకు చర్చ అక్కడే అయిపోయింది. పంపాలా వద్దా అన్నదాని మీద చేతులెత్తితే 41 మంది పంపాలని, 17 మంది వద్దని.

తర్వాత ఇంకో గొడవ, ఏం పంపాలి. కుర్రాళ్లు బట్టలు, బియ్యం పోగేసి వ్యాన్‌లో వేసుకుని వెళ్దాం అని ఉత్సాహంగా ఉన్నారు, వాళ్ల మనసు మంచిదే. నేను దీనికి గట్టిగా అడ్డం చెప్పాను, ఎందుకో ఇక్కడ కూడా రాస్తాను. తిత్లీ వెళ్లిన పది రోజులకి మందస వైపు ఒక స్కూల్ వరండాలో బట్టల కుప్ప చూశాను, నడుం ఎత్తు ఉంది. పైన వాన పడి తడిసిపోయి ముక్కిపోయిన వాసన. నేనే చేత్తో తీసి చూశాను, హుక్కులు ఊడిపోయిన జాకెట్లు, ఒక కాలి షూ, మన ఎండల్లో ఎవరూ వేసుకోని ఉన్ని స్వెట్టర్, చిరిగిపోయిన కాలేజీ యూనిఫాం. మేకలు ఎక్కి పడుకున్నాయి. ఆ వరండా మెట్ల దగ్గర కొండ మీద గూడ (గిరిజన పల్లె) నుంచి దిగొచ్చిన ఒక సవర తెగ ముసలమ్మ కూర్చుని ఉంది, ఆవిడ అడిగింది టార్పాలిన్. ఇల్లు ఎగిరిపోయింది, పైన కప్పుకోడానికి ఒక్క పట్టా కావాలి అంతే. టార్పాలిన్లు అయిపోయాయి అన్నారు. అవి ఎక్కడ అయిపోయాయంటే హైవే పక్క ఊళ్లలోనే, లారీ ఎక్కడ ఆగితే అక్కడ, కొన్ని ఇళ్లకి రెండేసి మూడేసి కూడా వెళ్లాయి. రోడ్డు ఆగిపోయిన చోట సాయం కూడా ఆగిపోయింది. వయనాడ్‌లో కూడా వాడిన బట్టలు పంపొద్దని అక్కడి అధికారులు చెప్పుకోవాల్సి వచ్చింది.

డబ్బే పంపాలని తేలింది. ఎవరికి అన్నది పెద్ద తగువు అవ్వలేదు, కేరళ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఆన్‌లైన్‌లో పంపితే రసీదు వస్తుంది, రసీదు లేని చోటికి సంఘం డబ్బు వెళ్లకూడదు అని ట్రెజరర్ గారు పట్టుబట్టారు, అది న్యాయం.

నెల తిరక్కుండా సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. "చూశారా, ఇంట్లోవాళ్లకి ఏం మిగిల్చారు" అని మళ్లీ మొదలు. అప్పటికి చవితి పందిరి చందా వసూలు అవుతోంది, పండగ 7వ తారీఖు. డీజే, లైటింగ్ వద్దు, మట్టి బొమ్మ పెట్టి పూజ చేసుకుందాం, మిగిలింది విజయవాడకి పంపుదాం అని చెప్పింది పెద్దలెవరూ కాదు, వ్యాన్ వేసుకుని వయనాడ్ వెళ్దామన్న ఆ కుర్రాళ్లే. వాళ్లని ఈ రిపోర్టులో మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

లెక్క ఇది. రెండు విడతల్లో వచ్చింది మొత్తం 86,500 రూపాయలు. కేరళకి 45,000, మన రాష్ట్ర ముఖ్యమంత్రి సహాయ నిధికి 22,000 వెళ్లాయి. మిగిలిన 19,500లో 14,000 పెట్టి టార్పాలిన్లు, నైలాన్ తాళ్లు, టార్చిలైట్లు కొని హాలు వెనక గదిలో పెట్టాం, బ్యాంకులో 5,500 ఉంది. రసీదులు, బిల్లులు ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు, చూడమనే నా మనవి.

ఆ సామాను మన కోసం కాదు, రోడ్డు లేని గూడల కోసం. ఫారెస్టు దారి ఎక్కడిదాకా ఆటో వెళ్తుంది, అక్కణ్ణించి ఎంత నడక అన్నది మెళియాపుట్టి, మందస మండలాల్లో కొండ ఊళ్లకి ఒక లిస్టు రాస్తున్నాం. సగమే అయ్యింది, ఇది నా లోపం, డిసెంబర్ తర్వాత నేను ఆదివారాలు వెళ్లలేకపోయాను.

ఒక విషయం మాత్రం తేలలేదు. లిస్టు రాస్తుంటే గజపతి జిల్లా వైపు ఊళ్లు కూడా వచ్చాయి, ఒడిశా కదా అవి ఎందుకు అని కొందరు సభ్యుల అభ్యంతరం. నా అభిప్రాయం దాచుకోను. తిత్లీ రోజు సాయంత్రం అదే గజపతి జిల్లాలో బరఘర దగ్గర వానకి గుహలో తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగి పడింది, ఆ తుఫాను మన తీరం ఎక్కే అక్కడికి వెళ్లింది. వంశధార, మహేంద్రతనయ రెండూ ఆ కొండల్లోంచే మనకి దిగుతాయి, పైన ఎంత వాన పడిందో ఆ ఊళ్లకే ముందు తెలుస్తుంది, మనకి ఫోన్ చేసి చెప్పగలిగేది కూడా వాళ్లే. బోర్డర్ రాయి అవతల ఉన్నారని వాళ్లని లిస్టులోంచి కొట్టేయడం నాకు ఒప్పడం లేదు. అయినా ఇది నా ఒక్కడి డబ్బు కాదు కాబట్టి సర్వసభ్య సమావేశంలో ఓటుకి పెడుతున్నాం. దయచేసి ఇంటికి ఒక్కరైనా రండి, వద్దు అనేవాళ్లు తప్పకుండా రండి. గది తాళం ఒకటి ట్రెజరర్ గారి దగ్గర, ఇంకోటి రెండో లైన్ మెడికల్ షాపులో ఉంది, రాత్రి ఎన్ని గంటలకైనా తీస్తారు.

ఇట్లు,
కార్యదర్శి