కళాశాల పాలకమండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

మీ కళాశాలలో విద్యార్థులకు యంత్రాలపై స్వయంగా పనిచేసే అవకాశం కల్పించాలన్న నా విన్నపాలకు జవాబు రానందున విశాఖ పౌరుల సమక్షంలో ఈ లేఖ రాస్తున్నాను. స్వయంప్రతిపత్తి గల మీ కళాశాలకు సిలబస్‌ను తానే రూపొందించుకునే హక్కుంది. ఆ సిలబస్‌ను తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమల ప్రతినిధి ఒకరు ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు చెబుతున్నాయి. మీ దగ్గర ఆ స్థానం ఖాళీగానే ఉంది; పరిశ్రమలకు ఏ పని వచ్చినవారు కావాలో చెప్పేవారే లేరు. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, పోర్టు ఉన్న ఈ ఊళ్లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన మా అబ్బాయి, ల్యాబ్‌లో సీఎన్‌సీ యంత్రాన్ని (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసి మలిచే యంత్రం) దూరం నుంచి చూశాడే గాని ఒక్కసారీ నడపలేదు. పట్టా చేతికొచ్చాక, అప్పు తెచ్చిన ఫీజుతో గాజువాకలో అదే పని నేర్చుకుంటున్నాడు.

పాలకమండలి వచ్చే సమావేశంలోనే ఆ ప్రతినిధి నియామకం జరిగేలా చూసి, ప్రతి విద్యార్థి యంత్రంపై స్వయంగా పనిచేసే గంటలను నిర్ణయించి, ఆ తీర్మానాల ప్రతిని నోటీసు బోర్డులో ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి,
విశాఖపట్నం