పన్నెండు చెట్ల లెక్క

సిరొంచ,
ఏప్రిల్ 6

చిన్నీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలికి కొంచెం నయం. నువ్వు ఫోన్ చేసి నెల దాటింది. పనిలో ఉంటావులే. ఉగాదికి వస్తావేమోనని అమ్మ నీ గిన్నెలో పచ్చడి తీసిపెట్టి, సాయంత్రం దాకా మూత తీయనివ్వలేదు.

నీ చదువు కోసం నువ్వు నంబర్లు వేసి నాకప్పగించిన పన్నెండు చెట్ల సంగతి రాద్దామని కూర్చున్నాను. ప్రతి ఆదివారం పొద్దున్నే పోయి చూసి పుస్తకంలో రాస్తున్నా, ఒక్క వారం తప్పలేదు. ఒకటో నంబరు టేకు మొత్తం బోడిగా ఉంది. మూడో నంబరు మోదుగ పూత అయిపోయి చదును కాయలు వేలాడుతున్నాయి. ఐదో నంబరు ఇప్ప ఇంకా రాలుతోంది. తెల్లవారక ముందే వెళ్లి దాని కింద నిలబడితే టప్ టప్‌మని చప్పుడు. ఒక పువ్వు చేతిలోకి తీసుకున్నా, మీగడ రంగులో కండగా ఉంది. నొక్కితే వేళ్లన్నీ జిగట. లోపల ఒక చీమ అప్పటికే తింటోంది.

ఆ చెట్టు కింద ఎవరో ఎండుటాకులకు నిప్పు పెట్టారు, పువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉంటుందని. మంట తునికి పొదల దాకా పాకింది. చీపురుతో ఊడిస్తే సరిపోయేదానికి మంటెందుకు? విత్తనం నుంచి లేచిన చిన్న మొక్కలన్నీ మాడిపోవూ? నేను గట్టిగానే చెప్పి వచ్చాను. నువ్వుంటే ఇంకా గట్టిగా చెప్పేదానివి. ఇంకో వైపు, ఫిబ్రవరిలో కొట్టిన తునికి ఎర్రటి చిగురు వేసింది. నెలాఖరుకు బీడీ ఆకు కోతకు వస్తుంది.

మొన్న సంతలో అంకిస పెద్దమ్మ కలిసింది. నీ పరిశోధన గైడుతో మాట తేడా వచ్చి నువ్వు చదువు ఆపేశావట, నాగపూర్‌లో ఏదో ఆఫీసులో చేరావట. కోడలు చెప్పిందంది. నేనేమీ అనలేదు. పెద్దమ్మ మాటలు నీకు తెలియనివా? సరే, తొమ్మిదో నంబరుకు వద్దాం.

ఉసిరి ఇప్పుడు నిండా పూతలో ఉంది. మొదటి ఏడాది గుర్తుందా? ఇలాగే పూసింది, తేనెటీగలు ముసిరాయి, వారం పది రోజుల్లో పూతంతా రాలిపోయింది. ఏప్రిల్, మే, జూన్ వారం వారం భూతద్దం పెట్టి కొమ్మ కొమ్మ వెతికాను. ఏమీ లేదు. బస్టాండు మామ అది గొడ్డు చెట్టన్నాడు. నేనూ నమ్మి పుస్తకంలో ‘ఈ చెట్టు పనికిరాదు, వేరేది చూడాలి’ అని రాశాను. జూలైలో నువ్వు వచ్చి అది చదివి, చెప్పులు కూడా విప్పకుండా కలం లాక్కుని కొట్టేశావు. కంటికి కనపడకపోతే లేదని రాస్తారా నాన్నా అన్నావు. అన్నం చల్లారిపోతోందని అమ్మ అరుస్తున్నా వినకుండా చెప్పుకుంటూ పోయావు. పిందె పూత రాలేటప్పుడే కడుతుందట, కానీ పెరగదట, వానలు పడేదాకా లోపలే నిద్రపోతుందట. టేకేమో వానల్లోనే పూస్తుంది, ఇప్ప ఎండల్లో బోడి కొమ్మకు పూస్తుంది, ఆకు రాల్చాక నీటి ఖర్చు తగ్గి మాను లోపల నీళ్లు నిండుతాయి, అందుకే చుక్క వాన లేకున్నా మే నెలలో చిగురు వస్తుంది. అన్నీ ఆ రాత్రే చెప్పావు. ఆగస్టులో మిరియాలంత పిందెలు కనపడితే వీధంతా తిరిగి చెప్పాను. నువ్వు కొట్టేసిన ఆ గీత ఇంకా పుస్తకంలో ఉంది. నిన్న రాత్రి అదే చూస్తూ కూర్చున్నా.

చదువు విషయంలో ఏమీ అనకూడదనే కూర్చున్నాను. కానీ మూడేళ్ల కష్టం చిన్నీ. గైడుతో మాట తేడా వస్తే అక్కడికక్కడే తేల్చుకోకూడదు, రెండు రోజులు ఆగాలి, పెద్దవాళ్లకు చెప్పుకోవాలి. టెన్షన్‌లో తిండి మానేసి నిర్ణయాలు తీసుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఉద్యోగమే నచ్చిందంటే అదీ తప్పు కాదు. కానీ ఆ మాట సంతలో వినాల్సి వచ్చింది నాకు.

అమ్మ ఉసిరి తొక్కు, సారపప్పు కట్టింది, ఎవరైనా అటు వస్తే పంపిస్తాం. మజ్జిగ తాగు. వస్తే పగటి బస్సుకే రా, రాత్రి ఆలపల్లి అడవి దారిలో వద్దు.

పుస్తకంలో నాలుగు పేజీలే మిగిలాయి. మే దాకా వస్తాయి. కొత్తది కొనమంటావా? అదొక్కటి చెప్పు.

నాన్న