చెట్టు ఉంచుకున్నోళ్ళకి కూడా కొంచెం తోడుండండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది వనస్థలిపురంలో రెండు వందల గజాల పాత ఇల్లు, గేటు పక్కనే మా అమ్మ పెట్టిన వేపచెట్టు ఉంది, దానికి నలభై ఏళ్ళు దాటాయి. పోయిన ఎండాకాలం గాలివానకి ఒక పెద్ద కొమ్మ మొదట్లో పగిలి మా సజ్జా మీదకి ఒరిగింది, కిందేమో పిల్లలు సైకిళ్ళు తొక్కే గల్లీ. భయమేసి చెట్లు కొట్టే అతన్ని పిలిస్తే పర్మిషన్ లేకుండా చెయ్యి పెట్టను సార్, తర్వాత నా మీదకొస్తది అన్నాడు. సరే అని ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు, అక్కడ ఫొటోలు, ఇంటి కాగితాలు అన్నీ ఇచ్చాక చూడ్డానికి మనిషి రావడానికే రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు మబ్బు పట్టిన ప్రతిసారీ బయటికొచ్చి పిల్లల్ని అవతలికి పంపించడమే నా పని.

అప్పుడు నిజంగా కోపమొచ్చింది. రిజిస్ట్రేషన్ నా పేరు మీదుంది, పన్ను నేను కడుతున్నా, చెట్టు మా అమ్మ పెట్టింది, నా స్థలం నా ఇష్టం, మధ్యలో వీళ్ళెవరు అని ఇంట్లో గట్టిగానే అరిచాను. కానీ నీళ్ళు, భూమి, చెట్లు కాపాడ్డానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం సొంత స్థలంలో చెట్టయినా పర్మిషన్ లేకుండా నరకడానికి లేదు.

తర్వాత కొన్ని రోజులకే మా ఇంటికి మూడిళ్ళవతల పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ఆదివారం పొద్దున లేచి చూస్తే రెండు మామిడిచెట్లు, ఒక బాదంచెట్టు లేవు, రంపప్పొట్టు మాత్రం రోడ్డంతా ఉంది. ఇదేంటని అడిగితే మా స్థలం మా ఇష్టం అన్నారు. నేను ఇంట్లో అరిచిన మాటే అది, వాళ్ళ నోట విన్నాక నాకు నోరు రాలేదు. ఆ బాదంచెట్టు నీడ ఎదురింటి గోడ మీద దాకా పడేది, కూరగాయల బండామె మధ్యాహ్నం అక్కడే ఆగి నీళ్ళు తాగేది, ఇప్పుడు ఆమె మా గల్లీకి పొద్దున ఒక్కసారే వస్తోంది.

అందుకే చట్టం తీసేయమని నేను అనను. 2025 మార్చిలో మథుర దగ్గర ఒక ప్రైవేటు స్థలంలోనూ, దాని పక్క రోడ్డు అంచునా కలిపి 454 చెట్లు నరికినందుకు చెట్టుకి లక్ష రూపాయల చొప్పున కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది, అది మంచి పనే. కానీ దొంగతనంగా నరికినోడికి ఒక్క పూట పని, పద్ధతిగా అడిగినోడికి రెండు నెలల తిరుగుడు అయితే చూసేవాళ్ళు ఏం నేర్చుకుంటారు? మా పక్కింటాయన ఇప్పటికే ఇంట్లో పెద్ద మొక్క పెట్టొద్దని కొడుక్కి చెప్తున్నాడు, రేపు తీయాలంటే తలనొప్పి అని.

చెట్టు ఉంచుకోవడం ఊరికే కాదండీ. వేర్లకి కాంపౌండ్ వాల్ రెండుసార్లు పగిలింది, ఆకులు పక్కింటి సంపులో పడితే మాటలు మేమే పడాలి, కొమ్మలు కొట్టించే కూలీ మాదే. పైగా సీసీ రోడ్డు వేసేటప్పుడు చాలా గల్లీల్లో మొదలు దాకా సిమెంటు పోసేస్తారు, కేబుల్ కోసం తవ్వినప్పుడు వేర్లు తెగ్గొడతారు, వైర్లకి అడ్డమని ఒకవైపే కొమ్మలు నరికితే చెట్టు బరువంతా రెండోవైపుకి పోతుంది, ఇక మే నెలలో గాలి రాగానే కార్ల మీద పడక ఏం చేస్తుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. చెట్టుని మొదలంటా కొట్టేయడం వేరు, ఎండిన కొమ్మో విరిగిన కొమ్మో తీయడం వేరు, ఈ రెండోదానికి ఫోన్‌లో ఫొటో పంపితే వారంలోపు అవుననో కాదనో చెప్పాలి. ఏప్రిల్‌లోనే ఇంటిపన్ను మొత్తం కడితే ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గిస్తున్నారు కదా, అలాగే ఇంటి ఆవరణలో పెద్ద చెట్టు కాపాడుతున్నోళ్ళకి కూడా ఎంతో కొంత తగ్గిస్తే గోడ రిపేరుకైనా పనికొస్తుంది. ఇంకొకటి, పాత ఇల్లు కూలగొట్టడానికి పర్మిషన్ ఇచ్చే ముందే లోపల ఎన్ని చెట్లున్నాయో ఫొటోలతో రాసుకోవాలి, ఇది లేకపోతే ఆదివారం పొద్దున పోయిన చెట్టు అసలు ఉందని ఎవరు చెప్తారు?

మా వేపకొమ్మ చివరికి పర్మిషన్‌తోనే తీయించాం. మిగతా చెట్టు బాగుంది, ఈ ఏడు పూత కూడా బాగానే వచ్చింది.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని, వనస్థలిపురం, హైదరాబాద్